బెజవాడ నుంచి మంచు కొండలకు: గ్రూపుగా స్కీ హట్ ట్రిప్ ఎలా ప్లాన్ చేసుకోవాలి?

ఈ మధ్య ఇదే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తోంది. పిల్లలో తమ్ముళ్లో స్నేహితులో నార్వే, స్వీడన్ వైపు ఉద్యోగాలు చేస్తుంటారు. "అందరం కలిసి స్కీ మీద ఒక హట్ నుంచి ఇంకో హట్‌కి వెళ్దాం, రండి" అని పిలుస్తారు. హట్ అంటే కొండల్లో స్కీ మీద తిరిగేవాళ్లు రాత్రి బస చేసే ఇల్లు. ఇక్కడ బెజవాడలోనో గుంటూరులోనో ఉన్నవాళ్లకి టెన్షన్ మొదలవుతుంది. మొదట అడిగేది ఒకటే: "అన్నా, ఎన్ని స్వెటర్లు తెచ్చుకోవాలి?"

తక్కువ తెచ్చుకోండి. మంచులో మనవాళ్లను ముందు దెబ్బ తీసేది చలి కాదు, చెమట. ఎందుకో 5వ స్టెప్‌లో చెబుతాను. మిగతావి చదివే ఓపిక లేకపోతే అదొక్కటైనా చదవండి.

ముందు ఒక స్పష్టత. కేబుల్ కారులో పైకి పోయి జర్రున జారి కిందికి వచ్చే స్కీయింగ్ వేరు. ఇది క్రాస్ కంట్రీ. పొడవాటి సన్న స్కీలు, మడమ పైకి లేచేలా వేళ్ల దగ్గర మాత్రమే బిగించే బూట్లు, రెండు కర్రలు, వీపున బ్యాగు. పొద్దున ఒక హట్‌లో బయలుదేరి సాయంత్రం లోపల ఇంకో హట్‌కి చేరాలి. హిమాలయాల్లో స్కీయింగ్ ఉంది గానీ రోజుకో హట్ చొప్పున వరుసగా దొరికే ఏర్పాటు లేదు. నార్వేలో డీఎన్‌టీ అనే పర్యాటక సంఘం 1868 నుంచి ఈ పనే చేస్తోంది. దాని కింద 500కు పైగా హట్‌లున్నాయి. అందుకే ఇక్కడ ఉదాహరణలన్నీ నార్వేవే, ముఖ్యంగా ఓస్లో–బెర్గెన్ రైలు దారిలో ఉన్న ఫిన్సె చుట్టుపక్కలవి. ఆ స్టేషన్ ఎత్తు 1,222 మీటర్లు, ఆ లైన్‌లో అన్నిటికంటే ఎత్తయినది. అక్కడికి కారు రోడ్డు లేదు. రైలు దిగితే మంచులోనే దిగుతారు. లద్దాఖ్‌లోలా ఊపిరి అందని ఇబ్బంది ఈ ఎత్తులో ఉండదు. అసలు ఇబ్బంది గాలి.

కావాల్సినవి

ఒక్కొక్కరికి:
- అంచులకు ఇనుప పట్టీ ఉన్న కొండ స్కీలు, వాటికి సరిపోయే బూట్లు, కర్రలు. ఇవి అద్దెకే తీసుకోండి, కొనొద్దు.
- స్కిన్స్: ఎక్కేటప్పుడు వెనక్కి జారకుండా స్కీ అడుగున అంటించే, ఒకవైపు నూగున్న పట్టీలు.
- ఒంటికి ఆనుకునే ఉన్ని బట్టలు 2 జతలు. గాలి దూరని జాకెట్, ప్యాంటు. ఆగినప్పుడు వేసుకోవడానికి మందపాటి జాకెట్ ఒకటి.
- పలచటి గ్లోవ్స్, వాటి మీద వేసుకునే మందపాటి మిటెన్స్ (నాలుగు వేళ్లూ ఒకే సంచిలో ఉండేవి), ఇంకో జత స్పేర్.
- మంచు గాగుల్స్, నల్ల కళ్లద్దాలు, సన్‌స్క్రీన్.
- లీటరు ఫ్లాస్కు, తలకు పెట్టుకునే లైటు, లోపల దూరి పడుకునే దుప్పటి సంచి (స్లీపింగ్ బ్యాగ్ లైనర్).
- మంచు పార. గ్రూపుకి ఒకటి చాలదు, మనిషికొకటి.

గ్రూపు మొత్తానికి:
- కాగితం మ్యాపు, దిక్సూచి, జీపీఎస్. మూడూ ఉండాలి.
- గాలిలో చిక్కుకుంటే అందరూ దూరి కూర్చునే విండ్ శాక్. అందరూ పట్టేంత ఉండాలి.
- మందుల పెట్టె, గట్టి టేపు, తీగ, చిన్న స్క్రూడ్రైవర్, స్పేర్ స్కీ కర్ర.
- డీఎన్‌టీ తాళంచెవి. సభ్యత్వం తీసుకుంటే ఇస్తారు. పనివాళ్లు లేని హట్‌లు ఎక్కువగా దాంతోనే తెరుచుకుంటాయి. ఒకరి దగ్గరే ఉంచకుండా రెండు తీసుకోండి. చెవి ఉన్న మనిషి వెనకబడితే ముందొచ్చిన వాళ్లు గుమ్మంలో గడ్డకట్టుకుపోవాలి.

ఇంట్లో వదిలేయాల్సినవి: కాటన్ బనియన్లు, జీన్సు, లోహపు చెవిపోగులు, ముక్కుపుడక. గాలిలో లోహం చలిని నేరుగా చర్మంలోకి దింపుతుంది. కళ్లజోడు పెట్టుకునేవాళ్లు ప్లాస్టిక్ ఫ్రేమ్ వేసుకోండి.

1. గ్రూపు కుదర్చడం

నలుగురి నుంచి ఆరుగురి దాకా సరిపోతుంది. ముగ్గురికి తగ్గితే, ఒకరికి దెబ్బ తగిలినప్పుడు దగ్గర ఒకరుండి ఇంకొకరు సాయానికి వెళ్లడం కుదరదు. ఎనిమిది దాటితే ప్రతి ఆగుడూ అరగంట పడుతుంది.

శీతాకాలపు కొండల్లో తిరిగిన అనుభవం ఉన్నవాళ్లు కనీసం ఇద్దరుండాలి. "మా తమ్ముడు అక్కడ మూడేళ్లుగా ఉంటున్నాడు" అంటే సరిపోదు. ఆ తమ్ముడు తుపాను గాలిలో మ్యాపు చూసి దారి కనుక్కోగలడా అని అడగండి. లేకపోతే గైడ్‌తో వెళ్లే ట్రిప్పులుంటాయి, మొదటిసారి అదే మంచిది.

లీడర్ ఎవరో బయలుదేరక ముందే తేల్చుకోండి. వయసులో పెద్దవారు, డబ్బు ఎక్కువ పెట్టినవారు లీడర్ అవ్వాలని లేదు. మన ఇళ్లల్లో ఇదే పెద్ద చిక్కు. ఇరవై ఆరేళ్ల అమ్మాయి "బాబాయ్, ఇక వెనక్కి తిరుగుదాం" అంటే బాబాయ్ తిరగాలి. అందుకు ఆయన ఇక్కడ ఉన్నప్పుడే ఒప్పుకోవాలి.

2. ముందు స్కీ నేర్చుకోవడం

నేరుగా హట్ ట్రిప్‌తో మొదలుపెట్టొద్దు. రెండు దారులున్నాయి. ఒకటి, ఇండియాలోనే ఒక కోర్సు చేయడం: ఉత్తరాఖండ్‌లో ఔలి, కశ్మీర్‌లో గుల్మార్గ్, మనాలీ దగ్గర సోలాంగ్. అక్కడ నేర్పేది ఎక్కువగా వాలు మీద జారే స్కీయింగ్. అయినా పడటం, లేవడం, మంచు భయం పోవడం వస్తాయి. రెండోది, నార్వేకి నాలుగైదు రోజుల ముందే చేరి ఊరి పక్కన ట్రాక్ వేసి ఉంచే దారుల్లో సాధన చేయడం. నా ఓటు రెండోదానికే. వాడబోయే స్కీల మీదే అలవాటు పడతారు.

బ్యాగు వీపున ఉండగానే ఈ నాలుగూ వస్తేనే ముందుకెళ్లండి:
- పడ్డాక ఎవరి సాయమూ లేకుండా లేవడం.
- స్కీ ముందు కొనలు దగ్గరకు, వెనక కొనలు దూరంగా పెట్టి వాలు మీద వేగం తగ్గించడం.
- కొనలు విప్పార్చి, చేపముల్లు ఆకారంలో అడుగులేస్తూ ఎత్తు ఎక్కడం.
- గ్లోవ్స్ తీయకుండా బైండింగ్ (బూటును స్కీకి బిగించే పట్టు) పెట్టడం, తీయడం.

3. తేదీలు, వీసా

మార్చి రెండో సగం బాగుంటుంది. పగలు పన్నెండు గంటలకు పైనే ఉంటుంది, పనివాళ్లుండే హట్‌లు తెరిచి ఉంటాయి. హట్‌ల మధ్య మంచులో బర్చ్ కొమ్మలు గుచ్చి దారి చూపిస్తారు. ఇది ఏడాది పొడుగునా ఉండదు, ఈస్టర్ సీజన్‌ను బట్టి పెడతారు. మీరు వెళ్లే దారిలో కొమ్మలు గుచ్చారో లేదో హట్ వాళ్లను అడిగి తెలుసుకోండి. ఈస్టర్ వారంలో నార్వే జనమంతా కొండల మీదే ఉంటారు, షాపులు వరసగా మూసేస్తారు. 2027లో ఈస్టర్ మార్చి 28న. ఆ ఈస్టర్ వారానికి ముందు వారం పెట్టుకుంటే మేలు.

నార్వేకి కావాల్సిన షెంగెన్ వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయొచ్చు. కనీసం 15 రోజుల ముందు అన్నది నియమం, కానీ దాన్ని నమ్ముకుని కూర్చోవద్దు. వీసాకు 30,000 యూరోల వైద్య బీమా అడుగుతారు. ఆ పాలసీలో స్కీయింగ్‌కు, అందులోనూ ట్రాక్ బయట స్కీయింగ్‌కు కవరేజీ ఉందో లేదో చదవండి. చవక పాలసీల్లో చాలావరకు ఉండదు.

4. ఇక్కడ తయారవ్వడం

మన ఎండల్లో మంచు కోసం తయారవ్వడం ఏమిటని నవ్వుకోవచ్చు. కాళ్లకూ వీపుకూ కావాల్సిన బలం ఇక్కడే వస్తుంది.

మూడు నెలల ముందు మొదలుపెట్టండి. వారంలో రెండు రోజులు తెల్లవారుజామున కృష్ణ కరకట్ట మీద రెండు గంటల నడక. ఆదివారం ఒక ఎత్తు: గుంటూరు వాళ్లకు కొండవీడు, మంగళగిరి మెట్లు, బెజవాడ వాళ్లకు కొండపల్లి, గాంధీ కొండ. మొదట ఖాళీ బ్యాగు, తర్వాత నీళ్ల సీసాలు పెట్టి మెల్లగా 10 కిలోల దాకా పెంచండి. కొండ మీద ఆ నీళ్లు పారబోసి ఖాళీగా దిగితే మోకాళ్లు మీకు రుణపడి ఉంటాయి.

చెక్ చేసుకోండి: 10 కిలోలతో నాలుగు గంటలు నడిచి, మర్నాడు మళ్లీ మూడు గంటలు నడవగలగాలి. మొదటి రోజు బాగా నడిచి రెండో రోజు మంచం దిగలేకపోతే ఇంకా సిద్ధం కానట్టే.

కోల్డ్ స్టోరేజీలో కూర్చుని చలి అలవాటు చేసుకోవచ్చా అని గుంటూరు మిత్రులు అడుగుతుంటారు. వద్దు. మిర్చి ఘాటుకు దగ్గు తప్ప ఏమీ రాదు. అక్కడ గాలి ఉండదు, అసలు చలి గాలిలో ఉంది. మైనస్ 10 డిగ్రీల్లో సెకనుకు 10 మీటర్ల గాలి వీస్తే చర్మానికి అది దాదాపు మైనస్ 20.

5. బట్టలు వేసుకునే పద్ధతి

వెచ్చగా ఉండాలని మనవాళ్లు ఉన్నవన్నీ వేసుకుని బయలుదేరతారు. పది నిమిషాల్లో ఒళ్లు వేడెక్కుతుంది, ఇరవై నిమిషాల్లో వీపు తడుస్తుంది. కదులుతున్నంతసేపు తెలియదు. టీ తాగడానికి ఆగిన ఐదో నిమిషంలో ఆ తడి చల్లబడి వణుకు పుడుతుంది. అప్పుడు ఇంకో స్వెటర్ వేసుకుంటారు, తడి లోపలే ఉండిపోతుంది. సాయంత్రానికి మనిషి మాట్లాడటం తగ్గిస్తాడు. అది అలసట అనుకుంటారు. చాలాసార్లు అది ఒంటి వేడి పడిపోవడం.

ఎలా చేయాలంటే:

క) బయలుదేరేటప్పుడు కొంచెం చలిగా అనిపించాలి. హట్ గుమ్మంలో హాయిగా ఉందంటే ఒక పొర ఎక్కువున్నట్టు.

చ) పావుగంటకు అందరూ ఆగాలి. ఇది తప్పనిసరి. చెయ్యి వెనక్కి పెట్టి చొక్కా లోపల నడుము పైన తడిమి చూసుకోండి. తడి తగిలితే ఒక పొర తీసేయండి. "పర్లేదులే" అనే మనిషి వీపు పక్కవాళ్లు చూడాలి.

ట) ఆగగానే, చలి వేయక ముందే, మందపాటి జాకెట్ పైన వేసుకోండి. దాన్ని బ్యాగులో అన్నిటికంటే పైన పెట్టుకోవాలి.

త) నడిచేటప్పుడు ఆ జాకెట్ వేసుకోవద్దు. చెమటకు అది తడిస్తే సాయంత్రానికి ఆసరా ఉండదు.

ఉన్ని దొరక్కపోతే క్రీడలకు వాడే పాలిస్టర్ టీషర్టు నయం. కాటన్ తడిస్తే ఆరదు, ఒంటికి అతుక్కుని వేడిని లాగేస్తుంది. మన ఎండలకు అది వరమే, అక్కడ శత్రువు.

6. తిండి

నార్వేలోకి ఇండియా నుంచి మాంసం, పాల పదార్థాలు తీసుకెళ్లడానికి వీల్లేదు. అంటే చికెన్ పచ్చడి, నెయ్యి డబ్బా, పాలపొడి ఇక్కడే ఆపేయండి. వెన్న అక్కడే దొరుకుతుంది. కందిపొడి, నువ్వుల పొడి, చారుపొడి, అటుకులు, వేయించిన ఉప్మా రవ్వ, బెల్లంతో చేసిన పల్లీ ఉండలు, ఖర్జూరాలు బాగా పనికొస్తాయి. వేడి నీళ్లు పోస్తే తినగలిగేదే మంచి తిండి.

పల్లీ చిక్కీ అచ్చుల్లా పట్టుకెళ్లొద్దు. మైనస్‌లో రాయిలా మారుతుంది, పళ్లు ఊడతాయి. ఇంట్లోనే గోలీలంత ముక్కలు చేసి చిన్న కవర్లలో వేయండి. గ్లోవ్స్‌తో విప్పగలిగే కవరై ఉండాలి. ఒక్కో రోజుకు ఒక్కో కవరు జాకెట్ జేబులో ఉంచుకుని, ప్రతి ఆగుడులోనూ నాలుగు ముక్కలు తినండి. ఆకలేసేదాకా ఆగితే ఆలస్యమైనట్టే.

నీళ్ల సీసా తలకిందులుగా పెట్టండి. పైనుంచి గడ్డకడుతుంది కాబట్టి మూత వైపు నీళ్లుగానే ఉంటుంది. ఫ్లాస్కులో చారు పోసుకుంటే టీ కంటే ఎక్కువ ఆదుకుంటుంది. ఇందులో నాకు పక్షపాతం ఉంది, ఒప్పుకుంటాను.

7. హట్‌లు ఎంచుకోవడం

మూడు రకాలు. పనివాళ్లుండేవి: భోజనం వాళ్లే పెడతారు. మీరే వండుకునేవి: కట్టెలు, గ్యాసు, పరుపులు, కప్పుకునే రజాయిలతో పాటు అల్మారాలో సరుకులు కూడా ఉంటాయి, తీసుకున్నవాటికి లెక్క రాసి కట్టాలి. మూడోది తిండి లేనివి: కట్టెలు, పాత్రలు ఉంటాయి, సరుకు మీదే.

మొదటి ట్రిప్‌కు పనివాళ్లున్న రెండు హట్‌లు చాలు. మొదటిదాంట్లో రెండు రాత్రులుండి, మధ్య రోజు ఖాళీ బ్యాగుతో చుట్టుపక్కల తిరిగి రండి. రెండోదానికి దూరం 10–15 కి.మీ. మించకూడదు. శాకాహారులు ముందే రాసి చెప్పాలి. వెళ్లాక చెబితే బంగాళాదుంపలే దిక్కు.

8. నడిచే రోజు

లెక్క ఇలా వేయండి. కొత్తవాళ్లు బ్యాగుతో గంటకు 3 కి.మీ. 12 కి.మీ.కు 4 గంటలు, ఆగుళ్లకు ఒక గంట, మొత్తం 5. ఉదయం 9కి బయలుదేరితే 11:30కి సగం దారి రావాలి. 12:30కి కూడా సగం రాకపోతే వెనక్కి తిరగండి. ఈ టైము ముందు రాత్రే కాగితం మీద రాసి అందరికీ చదివి వినిపించాలి. దారిలో తేల్చుకుందామంటే ఎవరూ తిరగరు. "ఇంకా కొంచెమే కదా" అంటారు. వెనక్కి తిరగడంలో సిగ్గుపడాల్సింది లేదన్నది నార్వేలో స్కూలు పిల్లలకు కూడా తెలిసిన కొండ నియమం.

బయలుదేరే ముందు మూడు చూడాలి: నార్వే వాతావరణ యాప్ 'యర్'లో గాలి వేగం, మంచు హెచ్చరికలిచ్చే 'వార్సోమ్'లో మంచు చరియల ప్రమాదం (1 నుంచి 5 దాకా అంకె ఇస్తారు, 5 అంటే అన్నిటికంటే ఎక్కువ), హట్ నడిపే మనిషి మాట. మూడింట్లో హట్ నడిపే మనిషి "ఈ రోజు వద్దు" అంటే మిగతా రెండూ ఎంత బాగున్నా పోవద్దు.

30 డిగ్రీలు దాటిన వాలు మీదే కాదు, దాని కింద కూడా నడవొద్దు. పైనుంచి విరిగిన మంచు చదును దాకా వస్తుంది. గడ్డకట్టిన చెరువు దాటేటప్పుడు వాగు వచ్చి కలిసే చోటుకూ, బయటికి పోయే చోటుకూ దూరంగా ఉండండి. కరెంటు కోసం నీళ్లు వదిలే చెరువుల్లో ఒడ్డు దగ్గర కూడా గడ్డను నమ్మొద్దు.

వరస ఇలా: ముందు దారి చూసేవాళ్లు, రెండో స్థానంలో అందరికంటే నెమ్మదిగా నడిచే మనిషి, చివర అనుభవం ఉన్నవాళ్లు. ఆ చివరి మనిషి వెనక ఎవరూ ఉండకూడదు, మూత్రానికి ఆగినా సరే. దారికి గుచ్చిన ఒక కొమ్మ దగ్గర నిలబడి తర్వాతి కొమ్మ కనిపించకపోతే అందరూ అక్కడే ఆగాలి.

అరగంటకోసారి ఒకరి మొహం ఒకరు చూసుకోండి. బుగ్గ మీదో ముక్కు కొన మీదో మైనంలా తెల్లటి మచ్చ కనిపిస్తే చర్మం గడ్డకట్టడం మొదలైనట్టు. మన చామనఛాయ మొహాల మీద అది తెల్లగా కాక బూడిద రంగులో కూడా ఉంటుంది, దగ్గరికి వచ్చి చూడాలి. వెచ్చటి అరచేయి ఆనించి ఉంచండి. రుద్దొద్దు, మంచుతో అసలే రుద్దొద్దు.

ఫోను లోపలి జేబులో, ఒంటికి ఆనుకుని ఉండాలి. బయట ఉంటే బ్యాటరీ 60 శాతం చూపిస్తూనే ఆగిపోతుంది. ఆపదలో 112, వైద్యానికి 113. సిగ్నల్ లేని చోట్లు చాలా ఉంటాయి.

9. హట్‌లో

చేరగానే తడి బట్టలు మార్చుకోండి, తర్వాతే ఫోటోలు. మీరే వండుకునే హట్ అయితే పొయ్యి వెలిగించే ముందు పొగగొట్టం తలుపు తెరిచి ఉందో లేదో చూడండి. బూట్లు పొయ్యికి ఆనించి ఆరబెడితే జిగురు ఊడిపోతుంది. రెండడుగుల దూరంలో పెట్టండి.

నీళ్ల కోసం మంచు కరిగించేటప్పుడు గిన్నె అడుగున ముందు కాసిని నీళ్లు పోయాలి. ఉత్త మంచు వేసి మంట పెడితే గిన్నె మాడుతుంది, నీళ్లకు మాడు వాసన వస్తుంది. మంచు తీసుకొచ్చే చోటు మరుగుదొడ్డి లేని వైపు ఉండాలి.

మరుగుదొడ్డి సంగతి అందరూ మొహమాటపడుతూ అడుగుతారు. అది బయట చెక్క గది, నీళ్లుండవు. చెంబు అలవాటు మానలేకపోతే గోరువెచ్చటి నీళ్లు చిన్న సీసాలో తీసుకెళ్లండి, నేల మీద ఒలికించొద్దు. అది నిమిషంలో గడ్డకట్టి, తర్వాత వచ్చేవాళ్లు జారిపడతారు. తడి టిష్యూలు గుంతలో వేయకూడదు, కవరులో పెట్టి కిందికి తెచ్చుకోవాలి.

హట్ పుస్తకంలో పేర్లు, రేపు వెళ్లబోయే చోటు రాయండి. మీ కోసం వెతకాల్సి వస్తే వాళ్లు ముందు తెరిచేది ఆ పుస్తకాన్నే. వెళ్లేరోజు బూడిద ఇనుప బకెట్‌లో పోసి, నేల ఊడ్చి, మీరు కాల్చినంత కట్టెలు కొట్టి లోపల పేర్చి, కిటికీలు చూసుకుని తాళం వేయండి. డబ్బు యాప్‌లో కట్టొచ్చు, ఆ రోజే కట్టేయండి.

10. రెండో రోజు పొద్దున చూసుకోవాల్సినవి

బయలుదేరే ముందు లీడర్ ఒక్కొక్కరినీ విడిగా అడగాలి. అందరి ముందు అడిగితే "నేను ఓకే" అనే వస్తుంది. మడమలో బొబ్బ ఉందా? చెప్పించొద్దు, సాక్సు తీయించి చూడండి. ఎర్రగా ఉంటే అప్పుడే టేపు వేయాలి. గ్లోవ్స్ పూర్తిగా ఆరాయా? ఫ్లాస్కు నిండిందా? రాత్రి నిద్ర పట్టిందా?

ఒక్కరికి బాగోలేకపోయినా ఆ రోజు హట్‌లోనే ఉండిపోండి. అందుకే ప్లాన్‌లో ఒక రోజు ఖాళీగా ఉంచుకోవాలి, తిరుగు విమానం టికెట్ ట్రిప్ చివరి రోజుకు పెట్టుకోకూడదు. విమానం తప్పుతుందేమోనన్న తొందరలోనే జనం తుపానులోకి బయలుదేరతారు.